పార్ట్ వన్ తెలుగులో అక్షరాలకు చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో ఒక ఎయిడెడ్ అటానమస్ (సిలబస్ తనే వేసుకునే) కాలేజీలో 26 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు పార్ట్ వన్ తెలుగు, అంటే డిగ్రీలో ఒక భాషగా తీసుకునే తెలుగు, చెబుతున్నాను. ఇంకా సర్వీసులోనే ఉన్నాను కాబట్టి నా పేరు, కాలేజీ పేరు వేయవద్దని మనవి. ఉత్తరం పొడవైంది. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే నా సొంత సంగతులు కత్తిరించండి, సిలబస్ సంగతి మాత్రం ఉంచండి.

ఈ ఏడాది మా ఫస్టియర్ తెలుగు క్లాసులో 11 మంది చేరారు. అందరికీ తెలుగు వచ్చు. చదవడం మాత్రం ఇద్దరికే వచ్చు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి సూళ్లూరుపేటలో ఇంటర్ చదివి వచ్చింది. ఇంకో అమ్మాయికి వాళ్ల తాతగారు రోజూ పొద్దున పేపరు ముందేసుకుని నేర్పారట. మిగతా తొమ్మిది మంది వ్యాసర్పాడి, కొరట్టూరు, రాయపురం, చూళై వైపు పిల్లలు. ఇళ్లలో తెలుగే. అమ్మతో, అవ్వతో గలగలా మాట్లాడతారు. బళ్లో చదివింది మాత్రం తమిళం, ఇంగ్లీషు.

ఇది వాళ్ల తప్పు కాదు. తమిళనాడు బళ్లలో అందరికీ తమిళం తప్పనిసరిగా నేర్పాలని 2006లో వచ్చిన చట్టం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏడాదికో తరగతి చొప్పున పైకి జరిగి 2016కల్లా పదో తరగతికి చేరింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే. మా నాన్న ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరు, నేను పెరంబూరులో పుట్టి పెరిగాను, తమిళం రాకపోతే ఈ ఊళ్లో నాకు ఒక్క రోజు గడవదు. కానీ నేను చదువుకున్న రోజుల్లో మా బళ్లో తెలుగు సెక్షన్ ఉండేది. పలకా బలపంతో అక్షరాలు దిద్దించే టీచరు ఉండేవారు. ఆ సెక్షన్లు పలచబడిపోయాయి. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 42 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు మా దగ్గరికి మాట తెచ్చుకుని వస్తున్నారు, అక్షరం తెచ్చుకోవడం లేదు.

మొదటి వారంలోనే ఒకమ్మాయి నోట్సు తీసి చూశాను. బీకాం పిల్ల, వ్యాసర్పాడి. నేను క్లాసులో చెప్పిన ప్రతి మాటా శ్రద్ధగా రాసుకుంది, తమిళ అక్షరాల్లో. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. త, థ, ద, ధ లకూ అంతే, ప, బ లకూ అంతే. రాసుకునేటప్పుడు అది 'దాత' అని ఆ పిల్లకు తెలుసు. ఇంటికెళ్లి చదువుకునేసరికి తాతో, దాతో తెలియదు. మర్నాడు లేచి నిలబడి, "మిస్, తాత గుణాలు రాయమని ప్రశ్న ఇచ్చారు, పాఠంలో తాత ఎక్కడా రాడే" అంది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే పక్కవాళ్ల నోట్సుల్లోనూ అదే ఉంది. బాట, పాట ఒకటే. గంప, కంప ఒకటే. ఆ పిల్ల నోట్లో ఆ మాటలన్నీ చక్కగా విడివిడిగా పలుకుతాయి. కాగితం మీద పెట్టుకోవడానికే వాటికి చోటు లేదు.

ఇలాంటి పిల్లల ముందు మేం పెట్టే సిలబస్ ఏమిటంటే, మొదటి యూనిట్ నన్నయ గారి పద్యాలు, రెండోది తిక్కన గారివి, మూడోది శతకం, నాలుగోది ఆధునిక కవిత్వం, ఐదోది సంధులు, సమాసాలు. వారానికి ఆరు గంటలు, మూడు క్రెడిట్లు. నన్నయ గారు అక్కర్లేదని నేను ఎన్నడూ అనను. ఆ పద్యాలు చెప్పడం కోసమే ఈ ఉద్యోగంలో చేరాను. కానీ 'క'కూ 'గ'కూ తేడా కాగితం మీద గుర్తుపట్టలేని పిల్లకు ఉత్పలమాల గణవిభజన చెప్పడం ఏం న్యాయం?

మరి వీళ్లెలా పాసవుతున్నారని మీరు అడగవచ్చు. పాసవుతున్నారు, అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. సెమిస్టర్ పరీక్ష 75 మార్కులకు, ఇంటర్నల్ 25కి. ఐదు యూనిట్లకూ కలిపి పది పన్నెండు ముఖ్యమైన ప్రశ్నలు ఉంటాయి. సీనియర్ల దగ్గర జవాబులు జిరాక్స్ తీయించుకుని, ముగ్గు నేర్చుకున్నట్టు అక్షరాలు నేర్చుకుంటారు. ఎన్ని చుట్టలు, ఎన్ని గీతలు, కొమ్ము ఎటు తిరుగుతుంది అని లెక్కపెట్టుకుని గీస్తారు. రెండేళ్ల కింద ఒక పేపర్లో జవాబు మధ్యలో 'పేజీ 4' అని ఉంది. జిరాక్స్ కాగితం మూలన ఉన్న మాట అది. అదీ జవాబులో భాగమే అనుకుని ఆ పిల్ల అంతే పొందికగా గీసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. దిద్దిన ఎగ్జామినర్ 48 మార్కులు వేశారు. నేను దిద్దినా అంతే వేసేదాన్ని, జవాబు తప్పు కాదు కదా. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ పుచ్చుకుంది. మార్కుల లిస్టులో తెలుగు నాలుగు సెమిస్టర్లూ పాస్ అని ఉంటుంది. బస్సు మీద తెలుగు బోర్డు చదవలేదు.

అంత కష్టం పడలేనివాళ్లు ఫ్రెంచికి వెళ్లిపోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. మా కాలేజీలో పార్ట్ వన్ ఫ్రెంచి మొట్టమొదటి అక్షరం నుంచి మొదలవుతుంది. నమస్కారం ఎలా చెప్పాలి, పేరు ఎలా చెప్పుకోవాలి, ఒకటి నుంచి వంద దాకా అంకెలు. ఫ్రెంచి ముక్క రాని పిల్లకు సిలబస్ దారి వేసింది. తెలుగు మాట వచ్చి అక్షరం రాని పిల్లకు దారి లేదు. నేను అడుగుతున్నది ఈ ఒక్కటే. పార్ట్ వన్ తెలుగులో మొదటి ఏడాది రెండు మెట్లు పెట్టండి. లిపి వచ్చినవాళ్లకు ఇప్పుడున్న సిలబస్, రానివాళ్లకు అక్షరాలతో మొదలయ్యే సిలబస్. మూడో సెమిస్టర్‌కు ఇద్దరినీ ఒకే క్లాసులో కలిపేయవచ్చు.

ఇదేమీ నా తలలో పుట్టిన వింత కాదు. తమిళనాడు డిగ్రీ చట్రంలోనే ఈ ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇక్కడ డిగ్రీలో పార్ట్ వన్ తమిళం గానీ వేరే భాష గానీ, పార్ట్ టూ ఇంగ్లీషు, పార్ట్ త్రీ మెయిన్ సబ్జెక్టు. పార్ట్ ఫోర్‌లో, ప్లస్ టూ దాకా తమిళం చదవకుండా వచ్చి పార్ట్ వన్‌లో వేరే భాష తీసుకున్నవాళ్లు రెండు పేపర్లు బేసిక్ తమిళం చదవాలి, దాని స్థాయి ఆరో తరగతి అని నిబంధనల్లోనే రాశారు. తమిళం చదివి వచ్చి పార్ట్ వన్‌లో వేరే భాష తీసుకున్నవాళ్లకు అడ్వాన్స్‌డ్ తమిళం. ఎంత మంచి ఏర్పాటు! తమిళం పెద్దలు తమ భాషకు రెండు మెట్లు కట్టుకున్నారు, కింది మెట్టు ఆరో తరగతి స్థాయి అని చెప్పుకోవడానికి ఏమీ మొహమాటపడలేదు. మనం ఎందుకు పడాలి?

2022 నవంబర్‌లో నేను ఈ రెండు మెట్ల సిలబస్ డ్రాఫ్ట్ రాశాను. అప్పటి నుంచి అది పడిన పాట్లు కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు సిలబస్ అంటే ప్రభుత్వం వేసేదనో, లేకపోతే టీచరు తనకు తోచింది చెప్పేదనో అనుకుంటారు. రెండూ కాదు.

అటానమస్ కాలేజీలో ప్రతి సబ్జెక్టుకూ ఒక బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుంది. డిపార్ట్‌మెంట్ హెడ్ అధ్యక్షత. డిపార్ట్‌మెంట్‌లోని అధ్యాపకులు, బయటి నుంచి అకడమిక్ కౌన్సిల్ వేసిన ఇద్దరు నిపుణులు, వైస్ చాన్సలర్ నియమించిన ఒక నిపుణులు, ఆ రంగంలో పనిచేసే ఒకరు, పాత విద్యార్థి ఒకరు. ఇది యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పెట్టిన కూర్పు. బోర్డు ఒప్పుకున్న సిలబస్ అకడమిక్ కౌన్సిల్‌కు వెళ్తుంది. అక్కడ ప్రిన్సిపాల్, అన్ని డిపార్ట్‌మెంట్ల హెడ్లు, యూనివర్సిటీ ప్రతినిధులు, బయటి పెద్దలు ఉంటారు. వాళ్లు ఒప్పుకుంటే గవర్నింగ్ బాడీకి తెలియజేసి, పరీక్షల కంట్రోలర్ ఆఫీసులో పేపరుకు కోడ్ వేస్తారు. కోడ్ పడితేనే ఆ పేపరుకు పరీక్ష, మార్కు, క్రెడిట్. ఇది అటానమస్ కాలేజీల సంగతి. మామూలు అఫిలియేటెడ్ కాలేజీలకు సిలబస్ యూనివర్సిటీ బోర్డే వేస్తుంది, కాలేజీ టీచరు చేతిలో ఏమీ ఉండదు.

ఈ పద్ధతి మంచిదే. ఒక్క మనిషి ఇష్టానికి వదలకుండా పదిమంది చూడాలి. నా బాధ పద్ధతి గురించి కాదు, అందులో తెలుగు చదవగలిగే కళ్లు లేకపోవడం గురించి.

మా తెలుగు డిపార్ట్‌మెంట్ అంటే నేనొక్కదాన్నే. ఇద్దరు రిటైరయ్యాక ఆ పోస్టులు నింపలేదు. కాబట్టి మా బోర్డులో లోపలివాళ్లంటే నేను, మిగతా అందరూ బయటి నుంచి రావాలి. ఒక నిపుణులు తిరుపతి నుంచి పొద్దున రైలెక్కి వస్తారు. వాళ్లకిచ్చే గౌరవ వేతనం రైలుకూ, సెంట్రల్ నుంచి ఆటోకూ బొటాబొటి. అయినా వస్తారు, వాళ్లకు రుణపడి ఉన్నాను. 2023 ఫిబ్రవరిలో జరిగిన సమావేశంలో రెండు మెట్ల సిలబస్ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. అందరికంటే బలంగా మాట్లాడింది రంగం తరఫున వచ్చిన సభ్యులు. ఆయన కోడంబాక్కంలో డబ్బింగ్ మాటలు రాస్తారు. "మేడమ్, మంచి గొంతున్న పిల్లలు వస్తారు, ఉచ్చారణ శుభ్రంగా ఉంటుంది. చేతికి స్క్రిప్టు ఇస్తే తమిళంలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసిమ్మంటారు. ఒక్కో డైలాగూ మళ్లీ రాసివ్వడానికి నాకు టైమెక్కడుంది, చదవొచ్చిన వాళ్లనే పెట్టుకుంటాను" అన్నారు. అంటే మా పిల్లలకు ఈ ఊళ్లోనే దొరకాల్సిన పని అక్షరం రాక చేజారుతోంది. ఆ మాటలు సమావేశం మినిట్స్‌లో రాయించాను.

తర్వాత అకడమిక్ కౌన్సిల్. ఇక్కడ ఫారం గురించి చెప్పాలి. ఇప్పుడు ఏ సబ్జెక్టుకైనా సిలబస్ ఒకే అచ్చులో ఇవ్వాలి. ఐదు లక్ష్యాలు, ఐదు యూనిట్లు, ఐదు కోర్సు ఫలితాలు, ఒక్కో ఫలితానికి కె1 నుంచి కె6 దాకా ఏదో ఒక స్థాయి. కె1 గుర్తుంచుకోవడం, కె2 అర్థం చేసుకోవడం, అలా పైకి పోయి కె6 సృష్టించడం. 1956లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్, ఆయన తోటివాళ్లు చేసిన వర్గీకరణ ఇది, 2001లో సవరించారు. ఆ పైన ఒక పట్టీ. కోర్సు ఫలితాలు ఒక పక్క, మొత్తం డిగ్రీకి పెట్టుకున్న ప్రోగ్రాం ఫలితాలు ఇంకో పక్క, ఏది దేనికి ఎంత సంబంధమో ప్రతి గడిలో బలం, మధ్యమం, తక్కువ అని నింపాలి. అన్నీ ఇంగ్లీషులో.

నేను నా డ్రాఫ్ట్‌లో మొదటి సెమిస్టర్‌కు కె1, కె2, కె3 మాత్రమే వేశాను. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, చిన్న వాక్యాలు. ఒత్తులు నేర్చుకోవడానికీ పర్యావరణ స్పృహకూ ఏం సంబంధమని గడి అడిగితే, సంబంధం లేదని నిజాయితీగా గీత పెట్టాను. గీతలు ఎక్కువున్నాయని, పై స్థాయిలు లేవని డ్రాఫ్ట్ తిరిగొచ్చింది. కౌన్సిల్‌లో ఒక పెద్దాయన "ఇది ప్రైమరీ స్కూలు సిలబస్, డిగ్రీ స్థాయి కాదు" అన్నారు. ఆయన భాష మీద ద్వేషంతో అన్నారని నేను అనుకోను. ఫిజిక్స్ మనిషి, పట్టీ చూసి అన్నారు. ఫ్రెంచి కూడా అక్షరాలతోనే మొదలవుతోంది కదా సార్ అన్నాను. అది విదేశీ భాష, తెలుగు వాళ్ల మాతృభాష కదా, మాతృభాష డిగ్రీలో మొదటి నుంచి నేర్పడమేమిటి అన్నారు. సరిగ్గా అక్కడే నా గొంతు పట్టుకుంది, జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు ఈ ఉత్తరంలో చెబుతున్నాను. మాతృభాష మాట ఇంట్లో వస్తుంది, అక్షరం బడిలో వస్తుంది. బడి ఇవ్వనిది కాలేజీ ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు?

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ రోజు కౌన్సిల్ సభ్యులకు పంచిన కాపీల్లో తెలుగు అక్షరాలున్న చోటల్లా ఖాళీ డబ్బాలు పడ్డాయి. నేను పాత ఫాంట్‌లో టైప్ చేయించి ఇచ్చాను, ఆఫీసు కంప్యూటర్లో ఆ ఫాంట్ లేదు. ముందు రోజు సాయంత్రం నాలుగింటికి చూసుకున్నాను. మళ్లీ ప్రింట్ తీయడానికి టైం లేదు. నలభై కాపీలు సంచిలో వేసుకుని 29సి బస్సెక్కి ఇంటికి తెచ్చుకున్నాను. వంటింటి బల్ల మీద పెట్టుకుని ఒక్కో కాపీలో ఒక్కో డబ్బా పైన చేత్తో రాశాను. అ, ఆ, ఇ, ఈ. క, కా, కి, కీ. రాత్రి రెండున్నర అయింది. మా అత్తయ్య లేచి వచ్చి, "ఏమ్మా, ఇంత రాత్రివేళ ఓనమాలు దిద్దుతున్నావా" అని అడిగి, కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చుని పది కాపీలు తను రాసిచ్చింది. ఆవిడ ఐదో తరగతి దాకా చదువుకుంది. చేతిరాత నాకంటే బాగుంటుంది. ఆ కాపీలే మర్నాడు బల్ల మీద ఉన్నాయి. ముప్పై మందికి పైగా ఉన్న ఆ గదిలో ఆ అక్షరాలు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

మినిట్స్‌లో ఒక్క వాక్యం రాశారు, 'చర్చించి పునఃపరిశీలనకు తిప్పి పంపడమైనది' అని. ఎందుకు తిప్పి పంపారో లేదు, నేను ఏమన్నానో లేదు. నా మాట కూడా రాయమని అడిగితే, మినిట్స్ నిర్ణయాలకే కానీ వాదనలకు కాదన్నారు.

ఇంటికొచ్చాక గురజాడ అప్పారావు గారు గుర్తొచ్చారు. ఆయన కూర్చున్నదీ ఇలాంటి కమిటీలోనే, ఇదే ఊరి యూనివర్సిటీది. పిల్లలు పరీక్షలో ఏ తెలుగు రాయాలి, గ్రాంథికమా, మాట్లాడే భాషా అని తేల్చడానికి మద్రాసు యూనివర్సిటీ వేసిన కాంపోజిషన్ కమిటీలో ఆయన సభ్యుడు. ఎక్కువమంది మాట ఆయన మాటకు వ్యతిరేకంగా ఉంది. 1914లో ఆయన తన అసమ్మతి పత్రాన్ని విడిగా, వివరంగా రాసి ఇచ్చారు. మరుసటి ఏడాదే పోయారు. కమిటీలో ఎక్కువమంది చెప్పిందేమిటో ఈ రోజు ఎందరికి తెలుసు? ఆయన పత్రం మాత్రం తెలుగు ఎం.ఏ. పిల్లలు ఇప్పటికీ చదువుతున్నారు. నన్ను నేను ఆయనతో పోల్చుకోవడం లేదు, ఆ పేరెత్తేటప్పుడే చేతులు జోడిస్తాను. కానీ అసమ్మతి కాగితం మీద ఉండాలి. అది లేకపోతే తర్వాత వచ్చే టీచరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ప్రతి కాలేజీ కౌన్సిల్‌నూ నేను కోరేది, సిలబస్ తిప్పి పంపితే కారణం రాయండి, ప్రతిపాదించినవాళ్ల జవాబు కూడా రాయండి.

2023 అక్టోబర్‌లో బోర్డు పెట్టాం, ఇద్దరు నిపుణులు రాలేకపోయారు, కోరం లేక వాయిదా. 2024 ఫిబ్రవరిలో మళ్లీ. ఈసారి ఫారం వాళ్ల పద్ధతిలోనే నింపాను. చివరి యూనిట్‌లో 'ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన ఒక కథను విని, సొంతంగా పది వాక్యాల్లో తెలుగులో రాయడం' అని చేర్చి దానికి కె6 వేశాను. మొక్కుబడికి వేసింది కాదు. పద్దెనిమిదేళ్లు అవ్వ నోటి మాటగా మాత్రమే విన్నదాన్ని ఒక పిల్ల మొదటిసారి కాగితం మీద పెడితే, అంతకంటే సృష్టి ఏముంది? ఈ మార్పు కౌన్సిల్ వల్లే వచ్చింది, సిలబస్ దానితో బాగుపడింది. ఆ మేలు నేను ఒప్పుకోవాలి.

కౌన్సిల్ ఒప్పుకుంది కూడా. కానీ పార్ట్ వన్‌గా కాదు. 30 గంటల వాల్యూ యాడెడ్ కోర్సుగా, క్లాసులయ్యాక, క్రెడిట్ లేకుండా. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లు వచ్చినప్పుడు అలాంటి కోర్సులు ఎన్నున్నాయో చూపించాలి, కాబట్టి కాలేజీకి అది ఉపయోగమే. పిల్లలకు? మాది మొదటి షిఫ్ట్, మధ్యాహ్నం ఒకటిన్నరకు గంట కొడతారు. ఆ వెంటనే రెండో షిఫ్ట్ వాళ్లు గదుల్లోకి వచ్చేస్తారు. మా పిల్లల్లో సగం మంది మధ్యాహ్నం నుంచి బట్టల కొట్లోనో, డేటా ఎంట్రీ ఆఫీసులోనో పనికి వెళ్తారు. మొదటి వారం 14 మంది ఉన్నారు. నాలుగో వారానికి ఐదుగురు. చెట్టు కింద సిమెంటు బెంచీ మీద చెప్పాను. ఆ ఐదుగురూ ఇప్పుడు పేపరు చదువుతారు. అంటే 30 గంటల్లో లిపి వస్తుంది, రాదన్న అనుమానం ఎవరికీ అక్కర్లేదు. పగటి టైంటేబుల్‌లో వారానికి ఆరు గంటలు చేతిలో పెట్టుకుని, ఆ పనిని చెట్టు కిందికి పంపాల్సిన అవసరం ఏమిటి?

నిబంధన అడ్డం వస్తోందా అంటే, లేదు. అటానమస్ కాలేజీ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు యూనివర్సిటీ అనుమతి అక్కర్లేకుండానే పెట్టుకోవచ్చని, కొత్త డిగ్రీ కోర్సును సైతం తన అకడమిక్ కౌన్సిల్ ఆమోదంతో మొదలుపెట్టి యూనివర్సిటీకి తెలియజేస్తే చాలని 2018 నాటి యూజీసీ నిబంధనల్లోనే రాశారు. ఒక డిగ్రీనే పెట్టగలిగిన కౌన్సిల్ ఒక భాషా పేపరులో రెండు మెట్లు పెట్టలేదా? అఫిలియేటెడ్ కాలేజీల విషయంలో మాత్రం మద్రాసు యూనివర్సిటీ తెలుగు బోర్డు పూనుకోవాలి. 1857లో పుట్టిన యూనివర్సిటీ అది, చిన్నయసూరి గారు ఈ ఊళ్లోనే కూర్చుని పిల్లలకు పాఠ్యపుస్తకాలు రాసిచ్చారు. ఆ పెద్దలు ఒక్క నమూనా సిలబస్ వేస్తే, అటానమస్ కాలేజీల్లో నాలాంటి ఒంటరి డిపార్ట్‌మెంట్లు దాన్ని చేత్తో పట్టుకుని కౌన్సిల్ ముందు నిలబడగలవు. "యూనివర్సిటీనే ఒప్పుకుంది" అన్న మాటకున్న బరువు ఇంకే మాటకూ ఉండదు.

చెన్నైలోని తెలుగువాళ్లకు, తెలుగు సంఘాలకు ఒక విన్నపం. ఉగాదికి మీరు పిలుస్తారు, శాలువా కప్పుతారు, సంతోషంగా కప్పుకుంటాను. కానీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పాత విద్యార్థి సీటు ఒకటి, రంగం ప్రతినిధి సీటు ఒకటి ప్రతి కాలేజీలో ఉంటాయి. తెలుగుకు వాటిలో కూర్చునేవాళ్లు దొరక్క మేం ఫోన్లు చేసి బతిమాలుకుంటున్నాం. మీలో అనువాదకులున్నారు, డబ్బింగ్ రచయితలున్నారు, ప్రచురణకర్తలున్నారు, తెలుగు ఎం.ఏ. చేసి బ్యాంకుల్లో పనిచేసేవాళ్లున్నారు. మీరు చదివిన కాలేజీకి ఒక ఉత్తరం రాసి, బోర్డులో కూర్చుంటామని చెప్పండి. ఏడాదికి ఒకటి రెండు పూటల పని. పిల్లలకు ఏం తెలిస్తే పని దొరుకుతుందో మీరు చెబితే కౌన్సిల్ వింటుంది, నేను చెబితే సొంత పోస్టు కాపాడుకోవడానికి అంటోందనుకుంటారు. ఆ మాట నా మొహం మీద అన్నవాళ్లు కూడా ఉన్నారు. నాకు ఇంక సర్వీసు మూడేళ్లే ఉంది.

తల్లిదండ్రులకు కూడా. అడ్మిషన్ ఫారంలో పార్ట్ వన్ గడి నింపేటప్పుడు, మీ పిల్లకు తెలుగు చదవడం రాకపోతే ఫ్రెంచి రాసేసి రాకండి. లిపి నుంచి చెప్పే తెలుగు ఉందా అని ఆఫీసులో అడగండి. లేదంటారు. అయినా అడగండి. పదిమంది అడిగితే అది కాగితం మీదికి ఎక్కుతుంది. మాకు బోర్డులో చూపించడానికి ఒక లెక్క దొరుకుతుంది.

వచ్చే ఫిబ్రవరిలో మా బోర్డు మళ్లీ కూర్చుంటుంది. నా డ్రాఫ్ట్ సిద్ధంగా ఉంది, ఈసారి పార్ట్ వన్‌గానే పెడుతున్నాను. మొదటి సెమిస్టర్ లిపి, రెండో సెమిస్టర్ చిన్న కథలు, వేమన పద్యాలు, పేపరు చదవడం. వ్యాసర్పాడి అమ్మాయి నోట్సులోని ఆ దాత పేజీ జిరాక్స్ తీసి, ఆమె అనుమతితోనే, డ్రాఫ్ట్‌కు జత చేశాను. అంతా యూనికోడ్‌లో టైప్ చేయించి, ఆఫీసు కంప్యూటర్లో తెరిచి, అక్షరమాల పేజీ దగ్గరుండి ప్రింట్ తీయించి చూసుకున్నాను. అన్ని అక్షరాలూ పడ్డాయి.

ఇట్లు,
పార్ట్ వన్ తెలుగు చెప్పే ఒక టీచరు,
పెరంబూరు, చెన్నై.